అడుగు ముఖం సరిగ్గా ఉంటేనే: ఇంటి వర్క్‌షాప్‌లో థిక్‌నెస్ ప్లేనర్ ఎలా వాడాలి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖ గోపాలపట్నంలో మా పెరటి వేపచెట్టు వేళ్లతో సహా పడిపోయింది. కొమ్మలు ఎవరికి కావలసినవి వాళ్లు పట్టుకెళ్లారు. మాను మాత్రం ఇవ్వబుద్ధి కాలేదు. దాన్ని కోత మిల్లుకు తోలించి, అంగుళంన్నర మందం పలకలుగా కోయించి, మధ్యమధ్య బద్దలు పెట్టి షెడ్డులో పేర్చాను. చాలా ఏళ్ల తర్వాత ఆ పలకలతో అమ్మకి ఒక బల్ల చేద్దామని, పలకల్ని కావలసిన మందానికి కోసే మెషిన్, థిక్‌నెస్ ప్లేనర్ కొన్నాను. మొదటి పలకని నాలుగుసార్లు లోపలికి పంపాను. చెయ్యి వేస్తే జారిపోయేంత నున్నగా వచ్చింది. గచ్చు మీద పెడితే మాత్రం ఒక మూల ఆనలేదు. రెండో మూల నొక్కితే టక్కుమని ఊగింది.

మా ఇంటికి తలుపులు చేసిన మేస్త్రికి చూపించాను. ఆయన పలకని కంటికి ఆనించి అంచు వెంట చూసి, "బాబూ, ఈ మెషిను చెక్కని సరి చెయ్యదు. మందం సరి చేస్తాది, అంతే" అన్నారు.

ఆ మాట నాకు ముందే తెలిసి ఉంటే రెండు మంచి వేప పలకలు సన్నబడి పాడయ్యేవి కావు. అందుకే ముందు అదే చెబుతాను, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

లోపల ఏం జరుగుతుంది

మెషిన్ అడుగున నున్నటి ఇనుప బల్ల ఉంటుంది. పైన గిర్రున తిరిగే కట్టర్, దానికి ముందొక రోలర్, వెనకొక రోలర్. రోలర్లు చెక్కని బల్లకేసి గట్టిగా నొక్కి లోపలికి లాగుతాయి. కట్టర్ బల్లకి సమాంతరంగా పై ముఖాన్ని కోస్తుంది. అంటే చెక్క అడుగు ముఖం ఎలా ఉంటే పై ముఖం దానికి నకలుగా వస్తుంది. అడుగు చదునుగా ఉంటే పైన చదును. అడుగు మెలి తిరిగి ఉంటే పైనా అదే మెలి. వంగిన చెక్కని రోలర్లు నొక్కి తాత్కాలికంగా తిన్నగా చేస్తాయి. కట్టర్ కోసేస్తుంది. రోలర్ వదలగానే చెక్క మళ్లీ తన వంపుకి తాను వెళ్లిపోతుంది.

కాబట్టి ప్లేనర్‌లో పెట్టేముందు ప్రతిసారీ అడగవలసిన ప్రశ్న ఒక్కటే: కింది ముఖం చదునుగా ఉందా?

కొనేముందు

దుకాణంలో "ప్లేనర్" అని అడిగితే చేత్తో పట్టుకుని తోసే చిన్న మెషిన్ చూపిస్తారు. చాలామంది మేస్త్రీలు వాడేది అదే. మనకి కావలసింది బల్ల మీద నిలబెట్టే థిక్‌నెస్ ప్లేనర్. మొదటే ఆ పూర్తి పేరు చెప్పండి.

ఏడాదికి ఒకటో రెండో వస్తువులు చేసేవారైతే కొనకండి. కలప అడితుల దగ్గరా, కోత మిల్లుల దగ్గరా పెద్ద ప్లేనర్లు ఉన్నవాళ్లు కూలికి చిత్రిక పట్టి ఇస్తారు. పాత కలప, రోడ్డు పక్క పడిన చెట్ల పలకలు, పాత ఇళ్ల టేకు దూలాలు తెచ్చుకుని తరచుగా పని చేసేవారికి మాత్రం ఇంట్లో ప్లేనర్ ఉండడం నిజంగా లాభం. అడితిలో దొరికే మందాలకి మీ డిజైన్‌ని కుదించుకోనక్కర్లేదు. పందొమ్మిది మిల్లీమీటర్లు కావాలంటే పందొమ్మిదే వస్తుంది.

పోర్టబుల్ రకాల్లో వెడల్పు 12 నుంచి 13 అంగుళాల దాకా ఉంటుంది. మకీటా 2012ఎన్‌బీ సంగతే తీసుకోండి. 304 మి.మీ. వెడల్పు, 1650 వాట్ల మోటారు, రెండు బ్లేడ్లు, సుమారు 28 కిలోల బరువు. డివాల్ట్ 735 రకంలో మూడు బ్లేడ్లు, చెక్కని లాగే వేగాలు రెండు. బరువు మాత్రం 40 కిలోలు దాటుతుంది, ఒక్కరే ఎత్తి దించే వస్తువు కాదు. "పోర్టబుల్" అన్న మాట చూసి ప్రతిసారీ అల్మారాలోంచి తీసి వాడదామని అనుకోకండి.

బ్లేడ్ల సంఖ్య ఎందుకు చూడాలో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. ఆ మకీటాలో కట్టర్ నిమిషానికి 8500 సార్లు తిరుగుతుంది. రెండు బ్లేడ్లు కాబట్టి నిమిషానికి 17,000 గాట్లు. అదే నిమిషంలో చెక్క 8.5 మీటర్లు కదులుతుంది. అంటే మిల్లీమీటరుకి రెండు గాట్లు. గాట్లు దగ్గరయ్యే కొద్దీ ముఖం నునుపుగా వస్తుంది. అందుకే మూడో బ్లేడు గానీ, ఆఖరి కోతకి నెమ్మది వేగం గానీ ఉంటే గట్టి చెక్కల మీద తేడా తెలుస్తుంది.

ఇంకొకటి. బ్లేడ్లు, కార్బన్ బ్రష్‌లు ఊళ్లో దొరుకుతాయా, ఆర్డర్ పెడితే ఎన్నాళ్లకి వస్తాయి అన్నది డబ్బు కట్టకముందే అడగండి. నేను అడగలేదు. మొదటి జత బ్లేడ్లు అరిగాక కొత్తవి వచ్చేదాకా మెషిన్ గుడ్డ కప్పుకుని కూర్చుంది.

సెకండ్ హ్యాండ్‌లో చూస్తుంటే, మన సముద్రపు ఊళ్లో మొదట చూడవలసింది తుప్పు. బల్ల మీద పైపై మరకలు ఫర్వాలేదు, రుద్దితే పోతాయి. కట్టర్‌ని పైకీ కిందికీ నడిపే పొడవాటి స్క్రూల మీద తుప్పు గుంటలు పడి ఉంటే మాత్రం వదిలేయండి. రోలర్ల రబ్బరు గోటితో నొక్కి చూడండి. గట్టిపడి మెరుస్తుంటే చెక్కని సరిగా లాగదు.

ఎక్కడ పెట్టాలి, కరెంటు ఎలా ఇవ్వాలి

చెక్క లోపలికి వెళ్లేవైపు ఎంత జాగా కావాలో బయటికి వచ్చేవైపు అంతే కావాలి. ఆరడుగుల పలక నడపాలంటే మెషిన్‌తో కలిపి దాదాపు పద్నాలుగు అడుగులు. మా షెడ్డు పొడవు పదకొండే. అందుకని చక్రాల స్టాండు మీద బిగించి, తలుపుకి ఎదురుగా తిప్పి పెట్టుకుంటాను. పొడవాటి పలక తలుపులోంచి వరండాలోకి వస్తుంది. స్టాండుని ఇనుప యాంగ్లర్లతో వెల్డింగ్ చేయించుకోవచ్చు. చక్రాలకి లాక్ ఉండాలి, మెషిన్‌ని నాలుగు బోల్టులతో స్టాండుకి బిగించాలి.

1800 వాట్ల మోటారు మన 230 వోల్టుల మీద నడిచేటప్పుడు ఎనిమిది ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. స్టార్ట్ అయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. ఫ్యానూ లైటూ పెట్టుకునే 6 ఆంపియర్ల ప్లగ్గులో పెట్టకండి. గీజరుకి వాడేలాంటి 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు, ఎర్తింగ్‌తో సహా ఉండాలి. ఎక్స్‌టెన్షన్ తప్పనిసరి అయితే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగది తీసుకోండి. చుట్ట మొత్తం విప్పి పరచండి, చుట్టి ఉన్న వైరు వేడెక్కి కరుగుతుంది. ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజీ పడిపోయే వీధుల్లో మోటారు మూలిగినట్టు వినిపిస్తే కోత లోతు తగ్గించండి, లేదా ఆ పూటకి ఆపేయండి.

శబ్దం గురించి నిజం చెప్పాలి. ఇది మిక్సీ కాదు. పక్క వీధికి వినిపిస్తుంది. అపార్ట్‌మెంట్‌లో వాడే వస్తువు కాదన్నది నా గట్టి అభిప్రాయం. సొంత ఇల్లయినా పక్కింటివాళ్లతో ముందే ఒక మాట అనుకోండి. నేను ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా నడిపి, భోజనాలయ్యాక పెద్దవాళ్లు నడుం వాల్చే వేళ అసలు ముట్టుకోను. చెవులకి ఇయర్ మఫ్స్ మీకూ, పక్కన సాయం పట్టేవారికీ కావాలి. దూది పెట్టుకుంటే సరిపోదు.

చెక్కని సిద్ధం చేయడం

మొదట మేకులు. మా వేపచెట్టుకి ఎప్పుడో బట్టల తాడు కట్టడానికి నాన్న కొట్టిన మేకు ఒకటి మాను లోపలికి పోయింది. చెట్టు దాని చుట్టూ పెరిగిపోయింది. మూడో పలకలో అది బ్లేడుకి తగిలింది. పెద్ద చప్పుడేమీ కాలేదు, చిన్న టిక్కు, అంతే. ఆ తర్వాత వచ్చిన ప్రతి పలక మీదా పొడవునా దారం అతికించినట్టు సన్నటి గట్టు. బ్లేడు అంచు ఆవగింజంత విరిగితే అక్కడ చెక్క తెగదు, మిగిలిపోతుంది. రెండు బ్లేడ్లూ ఒకే చోట విరిగాయి కాబట్టి ఒకటి వదిలింది రెండోది తియ్యలేదు.

ఆ గట్టు పోవడానికి ఒక ఉపాయం ఉంది. బిగింపులో కాస్త జాగా ఉన్న మెషిన్లలో ఒక బ్లేడుని అరమిల్లీమీటరో ఒక మిల్లీమీటరో పక్కకి జరిపి బిగిస్తే రెండు గాట్లూ ఒకే వరసలో ఉండవు. ఒకటి వదిలింది రెండోది కోసేస్తుంది. అంతకంటే మంచిది, పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని పలక రెండు ముఖాల మీదా, అంచుల మీదా నెమ్మదిగా జరపడం. పైపైన ఉన్న ఇనుము దగ్గర అది చేతిని లాగుతుంది. చెక్కలో నీలం నలుపు మరక కనిపించిందంటే లోపల ఇనుము ఉన్నట్టే అనుకోండి. పాత ద్వారబంధాలు, దూలాలు అయితే ఈ పని తప్పనిసరి.

తర్వాత మట్టి, ఇసుక. గట్టి ఇనుప బ్రష్‌తో రుద్దండి. రంగు, వార్నిష్ ఉన్న చెక్కని అలాగే పంపకండి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, దాని దుమ్ము ఇంట్లో తిరగకూడదు. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్కపొడి అతికించి చేసిన పలక) కోతకి పెట్టవద్దు. వాటిలోని జిగురు బ్లేడు పదును తీసేస్తుంది, వాటికి చిత్రిక అవసరమూ లేదు.

తేమ సంగతి మన ఊళ్లో వేరు. సముద్రపు గాలిలో తేమ 75, 80 శాతం ఉన్నప్పుడు చెక్క లోపలి తేమ 14 నుంచి 16 శాతం దగ్గర నిలుస్తుంది. అదే చెక్కని ఏసీ గదిలో పెడితే 9, 10కి దిగుతుంది. దిగేటప్పుడు కుంచించుకుంటుంది, ఒక్కోసారి డొప్ప తిరుగుతుంది. వానాకాలంలో చిత్రిక పట్టి వెంటనే పడకగది మంచం బిగిస్తే వేసవికి సందులు కనిపించేది ఇందుకే. వీలైతే పలకల్ని ఆ వస్తువు ఉండబోయే గదిలోనే రెండు మూడు వారాలు బద్దల మీద పేర్చి ఉంచండి. చిన్న తేమ మీటరు కొనుక్కుంటే ఊహతో పని ఉండదు.

ఇక కోత. ఇక్కడ తొందరపడి పొడవాటి పలకని అలాగే చదును చేయబోతారు. ఆరడుగుల పలకకి మధ్యలో ఆరు మిల్లీమీటర్ల వంపు ఉందనుకోండి. దాన్ని చదును చేస్తే ఒక్క ముఖం మీదే ఆరు మిల్లీమీటర్లు పోతుంది. ముందే మూడేసి అడుగుల ముక్కలు రెండుగా కోస్తే ఒక్కో ముక్కలో వంపు ఒకటిన్నర మిల్లీమీటర్లే. పొడవు సగమైతే వంపు నాలుగో వంతు అవుతుంది. వెడల్పులో డొప్ప తిరిగిన పలకకీ ఇదే లెక్క. నిలువునా చీల్చి, చదును చేసి, మళ్లీ అతికించుకుంటే మందం మిగులుతుంది. కాబట్టి మీకు కావలసిన పొడవుకి అటూ ఇటూ మూడేసి అంగుళాలు ఎక్కువ ఉంచి ముందే కోసేయండి. ఆ మూడంగుళాలు ఎందుకో కింద చెబుతాను.

మొదటి ముఖం: స్లెడ్ పద్ధతి

జాయింటర్ మెషిన్ ఉంటే దాని మీద ఒక ముఖం చదును చేసుకోవచ్చు. ఇంటి షెడ్డుల్లో అది ఉండడం అరుదు. చేతి చిత్రికతో ఎత్తుగా ఉన్న మూలలు రెండూ దించేస్తే చాలు, ముఖమంతా నున్నగా రానక్కర్లేదు, బల్ల మీద ఊగకుండా ఆనితే సరిపోతుంది. చిత్రిక పట్టడం చేతకాకపోతే స్లెడ్, అంటే పలకని తన మీద మోస్తూ మెషిన్‌లోకి వెళ్లే చదునైన ప్లైవుడ్ పీట, చేసుకోండి. ఒకసారి చేస్తే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

18 మి.మీ. మంచి ప్లైవుడ్, నాలుగడుగుల పొడవు, పదకొండు అంగుళాల వెడల్పు. ప్లై తిన్నగా ఉందో లేదో కొనేచోటే అంచు వెంట చూడండి, ఇది వంగి ఉంటే శ్రమంతా వృథా. ముందు చివర అడ్డంగా పది మిల్లీమీటర్ల ఎత్తు బద్ద అతికించండి, మేకులు వద్దు. చెక్క జారిపోకుండా ఆపేది అదే. దాని ఎత్తు మీ పలక ఆఖరి మందం కంటే తక్కువ ఉండాలి, లేకపోతే కట్టర్ దాన్నీ కోస్తుంది. స్లెడ్ అడుగున కొవ్వొత్తి రుద్దండి.

పలకని స్లెడ్ మీద పెట్టండి. డొప్పలా ఉంటే బోర్లించండి, రెండు అంచులూ కిందికి ఆనితే నిలకడగా ఉంటుంది. మెలి ఉంటే రెండు ఎదురెదురు మూలలు లేస్తాయి. ఒక మూల పూర్తిగా ఆనించి రెండోది గాలిలో వదలకండి, లేచిన ఎత్తుని రెండు మూలలకీ సగం సగం పంచండి. తక్కువ చెక్క పోతుంది. మెలి ఎంతుందో చూడ్డానికి కిటికీల పని చేసేవాళ్ల దగ్గర దొరికే అల్యూమినియం సెక్షన్ ముక్కలు రెండు చాలు. ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర అడ్డంగా పెట్టి, వంగి ఒకదాని మీదుగా రెండోదాన్ని చూడండి. పై అంచులు సమాంతరంగా కనిపించకపోతే అది మెలి.

ఇప్పుడు ఆ ఖాళీల్లో సన్నటి చీలికలు దూర్చండి. వెదురు బద్ద చెక్కి చేసిన చీలికలు నాకు బాగా నచ్చాయి, నలగవు. వేలితో నెట్టినంత బిగువు చాలు. సుత్తితో కొడితే పలకనే ఎత్తేస్తాయి. మూలల దగ్గర, ఆపైన అడుగుకొకటి. ప్రతి చీలిక పక్కన హాట్ గ్లూ ఒక బొట్టు. పై నుంచి అరచేత్తో అంతటా నొక్కి చూడండి. ఎక్కడా కదలకూడదు, చప్పుడు రాకూడదు. రోలర్ బరువు మీ చేతి బరువు కంటే చాలా ఎక్కువ. అక్కడ ఖాళీ ఉంటే నొక్కుతుంది, మనం మొదట చేసిన తప్పే మళ్లీ అవుతుంది.

పై ముఖం మీద పెన్సిల్‌తో అటూ ఇటూ గీతలు గీయండి. స్లెడ్‌తో సహా లోపలికి పంపండి. మొదటిసారి ఎత్తయిన చోట్ల గీతలు పోతాయి. ప్రతి విడతకీ పోయిన భాగం పెరుగుతూ వస్తుంది. అన్ని గీతలూ పోయిన క్షణం ఆపేయండి. ఇదే మీ చదును ముఖం. చీలికలు ఊడదీసి, అంటుకున్న జిగురు ఉలితో గీరేసి, పలక తిప్పి, ఇప్పుడు స్లెడ్ లేకుండా ఈ ముఖాన్ని కిందికి పెట్టి నడపండి.

నడపడం

లుంగీ, వదులు చొక్కా చేతులు, భుజం మీద తువ్వాలు, మెడలో గొలుసు ఇవేవీ వద్దు. చేతి తొడుగులు కూడా వద్దు, రోలర్ పట్టుకుంటే చెయ్యి వెంట వెళుతుంది. కళ్లద్దాలు, మాస్కు, ఇయర్ మఫ్స్ పెట్టుకోండి. చెక్కకి ఎదురుగా నిలబడకుండా ఒక పక్కకి నిలబడండి. ముడి దగ్గర చీలిన ముక్క వెనక్కి తిరిగి వచ్చిందంటే తూటాలా వస్తుంది. చెక్క లోపల ఆగిపోతే వంగి తొంగిచూడకండి, స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, తిరగడం ఆగాక మెషిన్ తలని (కట్టర్ ఉండే పై భాగాన్ని) పైకి లేపండి.

నార ఎటు వాలిందో చూసుకోండి. పలక అంచు మీద గీతలు ఏటవాలుగా పైకి ఎక్కుతుంటాయి. పిల్లిని మెడ నుంచి తోక వైపు నిమిరినట్టు బ్లేడు నార వాలు వెంట నిమరాలి. ఎదురు నిమిరితే చెక్క పెచ్చులు లేస్తాయి. గుర్తుపట్టలేకపోతే ఒక సన్నటి విడత పంపి చూడండి. పెచ్చులు లేస్తే ముందు వెనకలు మార్చి పంపండి. వేపలో నార పొర పొరకీ దిక్కు మారుతుంది, ఎటు పెట్టినా ఎక్కడో ఒకచోట లేస్తుంది. అలాంటి చెక్కకి కొత్త బ్లేడు, అరమిల్లీమీటరు కంటే తక్కువ కోత, వెడల్పు వీలిస్తే పలకని కాస్త ఏటవాలుగా పంపడం, ఇవే మందులు. అరకు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ మెత్తగా తెగుతుంది. దాని మీది మచ్చల దగ్గర మాత్రం పెచ్చులు లేస్తాయి, పైగా దాని పొట్టు కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది.

ఒక్కో విడతకి ఎంత తీయాలి? మేస్త్రీల లెక్కలో ఒక నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, మూడు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. మెషిన్ పుస్తకంలో మూడు మిల్లీమీటర్లు తీయవచ్చని రాసి ఉన్నా అది సన్నటి బద్దల మాట. ఎనిమిదంగుళాల టేకు పలకకి ఒక మిల్లీమీటరు చాలు. ఆఖరి రెండు విడతలు అరమిల్లీమీటరు. పలకలో ఎత్తయిన చోటు కొలిచి దానికి తగ్గట్టు తల దింపండి. సన్నటి చివర కొలిచి పెడితే మధ్యలో చెక్క ఇరుక్కుంటుంది.

చదును ముఖం కింద పెట్టి పై ముఖం కూడా చదునయ్యాక, ఇక ప్రతి విడతకీ పలక తిప్పుతూ రెండు వైపులా సమానంగా తీయండి. ఒక్కవైపే తీస్తే లోపలి తడి చెక్క ఒకవైపు బయటపడి మర్నాటికి డొప్ప తిరుగుతుంది.

ఒక బల్లకి కావలసిన ముక్కలన్నీ ఒకే అమరిక మీద నడపండి. ఐదు పలకలుంటే ఐదూ పంపాకే హ్యాండిల్ తిప్పండి. ఒకదాన్ని పూర్తి చేసి, మళ్లీ మొదటి నుంచి రెండోది మొదలెడితే అంకె అదే చూపించినా మందం వెంట్రుకవాసి మారుతుంది. అతికించినప్పుడు ఆ వెంట్రుకవాసి వేలికి తగులుతుంది. మెషిన్ మీది స్కేలుని నమ్మకండి, వెర్నియర్ కాలిపర్స్‌తో చెక్కనే కొలవండి.

ఇంట్లో ఎవరైనా పెన్సిల్ పెట్టె చెయ్యమంటే ఆరంగుళాల ముక్క ఒకటి ప్లేనర్‌లో పెట్టాలనిపిస్తుంది. వద్దు. రెండు రోలర్లూ ఒకేసారి పట్టుకునేంత పొడవు లేకపోతే ముక్క మధ్యలో తిరిగిపోయి ముక్కలవుతుంది. అడుగు కంటే పొట్టివి అసలు పంపకండి, మీ మెషిన్ పుస్తకంలో ఇంకా ఎక్కువ రాసి ఉంటే దాన్నే పాటించండి. పొడవు పలకని చిత్రిక పట్టి, ఆ తర్వాత చిన్న ముక్కలు కోసుకోండి.

చివర్ల పల్లం

పలక రెండు చివర్లా రెండు మూడంగుళాల మేర కాస్త లోతుగా తెగుతుంది. దీన్నే స్నైప్ అంటారు. పలక లోపలికి వెళ్లేటప్పుడు మొదట ముందు రోలర్ ఒక్కటే పట్టుకుంటుంది. బయట వేలాడే పొడవు బరువుకి వాలుతుంది, లోపలి చివర కాస్త లేచి కట్టర్‌కి తగులుతుంది. బయటికి వచ్చేటప్పుడు ఇదే తిరగబడి జరుగుతుంది.

లోపలికి పెట్టేటప్పుడు వెనక చివరని చేత్తో కొద్దిగా పైకెత్తి పట్టండి. బయటికి వచ్చాక అటు పరుగెత్తి, వచ్చిన చివరని కొద్దిగా పైకెత్తండి. కొద్దిగా అంటే పలక బల్లకి ఆనే ఉండాలి. ముక్కలు చాలా ఉంటే ఒకదాని తోకకి ఇంకొకదాని తల ఆనించి రైలు పెట్టెల్లా పంపండి, మొదటి దానికీ ఆఖరి దానికీ పనికిరాని ముక్కలు పెట్టండి. పల్లం వాటికే పోతుంది. ముందూ వెనకా ఉన్న మడత బల్లల చివర్లని ఒక నాణెం మందం పైకి సర్దుకున్నా తగ్గుతుంది. తల లాక్ ఉన్న మెషిన్ అయితే ప్రతి విడతకీ లాక్ వేయండి. అన్నీ చేశాక కూడా కొంచెం మిగులుతుంది. మొదట్లో ఎక్కువ ఉంచమన్న మూడంగుళాలు ఇప్పుడు కోసి పారేయడానికే.

బ్లేడ్లు, పొట్టు

టేకులో సహజంగానే ఇసుకలాంటి సిలికా ఉంటుంది. బ్లేడ్లు త్వరగా మొద్దుబారతాయి. చప్పుడు బరువెక్కడం, ముఖం మీద నూగు లేవడం, కాలిన మెరుపు కనిపించడం, చెక్క నెమ్మదిగా కదలడం వీటిలో ఏది కనిపించినా బ్లేడు తిప్పండి. చాలావాటికి రెండువైపులా పదును ఉంటుంది. ముందుగా ప్లగ్ గోడలోంచి తీసి మీకు కనిపించేలా పక్కన పెట్టండి. ఈ ఒక్క పనికి మాత్రం తోలు తొడుగులు వేసుకోండి. బ్లేడు కూర్చునే గాడిలో పొట్టు రవ్వ ఉన్నా అది ఎత్తుగా బిగుసుకుంటుంది, బ్రష్‌తో తుడవండి. స్క్రూలు మధ్య నుంచి బయటికి కొంచెం కొంచెంగా బిగించండి.

ఒక మిల్లీమీటరు కోత గోనెల కొద్దీ పొట్టు పోస్తుంది. వాక్యూమ్ క్లీనర్ గొట్టం అయిదు నిమిషాల్లో పూడిపోతుంది. పొట్టు వచ్చే నోటికి లావు గొట్టం తగిలించి, రెండో చివర పెద్ద గుడ్డ సంచి కట్టండి. అది లేని రోజు ఆరుబయటే నడపండి. సన్న దుమ్ము ఇంకా ప్రమాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం చెక్క దుమ్ముని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది. ఎన్95 మాస్కు తీయకండి, వేప దుమ్ము అయితే గొంతులో చేదు తగిలి మీకే తెలుస్తుంది. రంగూ వార్నిషూ లేని వేప పొట్టు మొక్కల మొదళ్లలో పరుస్తాను. టేకు పొట్టు వేరే సంచిలో.

ఉప్పుగాలి

మన దగ్గర ఒక రాత్రి చాలు, తుడవని బల్ల మీద వేలిముద్రలు గోధుమ రంగులో తేలడానికి. పని అయ్యాక బల్ల పొడిగుడ్డతో తుడిచి, పదిహేను రోజులకోసారి పేస్ట్ వ్యాక్స్ పట్టించండి. అది లేకపోతే తెల్ల కొవ్వొత్తి రుద్ది గుడ్డతో మెరిసేలా తోమినా పని జరుగుతుంది, చెక్క కూడా సులువుగా జారుతుంది. సిలికాన్ ఉన్న స్ప్రేలు వాడకండి, అది చెక్కకి అంటి తర్వాత పాలిష్ పట్టనివ్వదు. రోలర్లకి అంటిన జిగురు సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టండి. పాలిథిన్ షీటు కప్పకండి, లోపల చెమటపడుతుంది. పాత దుప్పటి నయం. విడి బ్లేడ్లు నూనె రాసిన కాగితంలో చుట్టి మూత గట్టిగా ఉన్న డబ్బాలో.

ఆఖరి అరమిల్లీమీటరు

కావలసిన మందానికి అరమిల్లీమీటరు ముందే ఆపి, పలకలన్నీ రెండు వైపులా గాలి తగిలేలా గోడకి నిలబెట్టండి. రెండు రోజులాగి తిన్నటి స్కేలు పెట్టి చూడండి. కొత్త ముఖాలకి గాలి తగిలి కొంచెం కదిలి ఉంటాయి. అప్పుడు ఆ అరమిల్లీమీటరు తీసి అదే రోజు అతికించండి. మా వేప పలకలు ఐదింటిలో నాలుగు కదల్లేదు. ఒకటి మాత్రం ముడి దగ్గర మళ్లీ మెలి పెట్టింది. దాన్ని పైన వేయకుండా నిలువునా చీల్చి కాళ్ల మధ్య అడ్డబద్దలు చేశాను. అమ్మ ఆ బల్ల మీదే కూర్చుని కూరలు తరుగుతుంది.